కోడి వేసిన ముగ్గు

రండి నాన్నా, రండమ్మా. దగ్గరగా జరగండి. ఆ చివర కూర్చున్న చిట్టితల్లీ, అక్కడికి నీకు వినపడదు, ఇటొచ్చి నా మోకాలి పక్కన కూర్చో. దేవుడికి దణ్ణం పెట్టుకున్నారా? గుగ్గిళ్లు అందరికీ అందాయా? అయితే నములుతూనే వినండి. ముందే చెబుతున్నాను, ఇది రెట్ట కథ. కోడిరెట్ట కథ. నవ్వొస్తే నవ్వుకోండి, స్వామి ఏమీ అనుకోడు. కోడిని చేసిందీ ఆయనే, దాని కడుపున ఆ రెట్ట పెట్టిందీ ఆయనే. ముక్కు మూసుకునేది మాత్రం మనం.

ఒకప్పుడు కోళ్లు మనుషుల ఇళ్లలోనే ఉండేవి. చూరు కింద కాదు, గంప కింద కాదు, నడింట్లోనే. మనం తిన్నచోటే తినేవి, మనం పడుకున్నచోటే ఓ మూల ముడుచుకుని పడుకునేవి.

ఆ కాలపు కోడి ఇప్పటి కోడిలా కాళ్లతో నేల గీరేది కాదు. కొత్తకోడలు నడిచినట్టు మెల్లగా అడుగు తీసి అడుగు వేసేది. దాని రెట్ట కూడా వేరు. ఇప్పుడు చూడండి, నల్లటి ముద్ద మీద తెల్లగా ఉంటుంది. చూశారు కదా? చూడకుండా తొక్కినవాళ్లు కూడా ఇక్కడ ఉన్నారు, నాకు తెలుసు. అప్పట్లో ఆ తెలుపు లేదు. ఉత్త నలుపే.

మరి ఆ తెలుపు ఎక్కడినుంచి వచ్చింది? వినండి.

నేరేళ్లమిట్ట అనే ఊళ్లో సింగారమ్మ అనే ఇల్లాలు ఉండేది. ఆమెకు ఒక ఆవు, ఒక కోడి, ఒక మొగుడు. ఈ మూడింటికంటే ఎక్కువగా ఆమె ప్రేమించింది మరొకటి ఉంది. అది ఆమె ఇంటి నేల.

ఎర్రమట్టి మెత్తగా జల్లించి, పేడ కలిపి, అరచేత్తో అలికేది. ఆరాక గులకరాయితో రుద్దేది. రుద్దాక ముగ్గు వేసేది. ఆ నేల మీద మీ మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు. కాకపోతే దువ్వుకోనిచ్చేది కాదు. వెంట్రుక రాలుతుందని.

మొగుడి పేరు పైడయ్య. పాపం, మంచివాడు. పొలంనుంచి వచ్చేసరికి గడపలో మూడు చెంబుల నీళ్లు ఉండేవి. మొదటి చెంబు మట్టికి. రెండోది అనుమానానికి. మూడోది సింగారమ్మ మనశ్శాంతికి.

"కడుక్కున్నావా?" అనేది లోపలినుంచి.

"కడుక్కున్నానే."

"తుడుచుకున్నావా?"

"తుడుచుకున్నానే. ఇంక రానా?"

"రా. ముగ్గు తొక్కకు. ఆ తామరపువ్వు పక్కనుంచి రా. ఆ పక్క కాదు, ఈ పక్క."

పైడయ్య ఒంటికాలి మీద కొంగలాగా గెంతుకుంటూ వెళ్లి, గోడవారగా గొంతుకూర్చుని, మెతుకు కింద పడకుండా అన్నం తినేవాడు. కంచానికి వంగాల్సిందిపోయి కంచాన్నే గడ్డం కింద పెట్టుకునేవాడు. ఊళ్లో ఆడవాళ్లంతా ఆ నేలను మెచ్చుకునేవాళ్లు. పైడయ్య నడుంనొప్పి గురించి ఎవరూ అడగలేదు.

ఆ ఇంటి కోడి పేరు చుక్క. తెల్లటి ఒంటి మీద నల్లటి చుక్కలు. ఒక ఏడు అది పదకొండు గుడ్లు పెట్టి, మూలనున్న బుట్టలో, గడ్డి మీద పొదగడానికి కూర్చుంది.

పొదుగు కోడి సంగతి మీకు తెలుసా? ఇరవయ్యొక్క రోజులు కదలదు. రోజుకు ఒక్కసారి దిగుతుంది. నాలుగు గింజలు తింటుంది, రెండు గుక్కల నీళ్లు తాగుతుంది. రోజంతా బిగపట్టుకున్నది ఒక్కసారే వేస్తుంది. ఎంత ఉంటుందంటే... వద్దులెండి, గుగ్గిళ్లు తింటున్నారు.

చుక్క దిగి వేసే చోటు సరిగ్గా ముగ్గులో తామరపువ్వు నడుమ. కావాలని కాదు. బుట్టనుంచి గింజలకు వెళ్లే దారి అదే మరి.

"నా నేల," అని అరిచేది సింగారమ్మ. "నా నేల, నా పువ్వు. ఓసి చుక్కా, నీకు కళ్లున్నాయా?"

"ఉన్నాయమ్మా," అనేది చుక్క. "అవి ముందున్నాయి. పని వెనక జరుగుతుంది."

సింగారమ్మ నేలను కాపాడటానికి బుట్ట చుట్టూ గోనెసంచి పరిచింది. గోనెసంచి పాడైంది. పాపం మంచి గోనె అని దాని మీద తాటాకు చాప పరిచింది. చాప పాడైంది. చాప పాడవకుండా పాత చీర పరిచింది. పాత చీర కనబడితే వచ్చినవాళ్లు ఏమనుకుంటారని దాని మీద కొత్త చీర పరిచింది. ఇక ఆవిడ పని ఏమిటంటే, పొద్దున్నే కొత్త చీర ఉతకడం, మధ్యాహ్నం పాత చీర ఉతకడం, సాయంత్రం చాప కడగడం. గోనె వంతు మర్నాటికి. పన్నెండు రోజులు ఏటి గట్టునే గడిచిపోయాయి. పైడయ్య మాత్రం సంతోషంగా ఉన్నాడు. ఆవిడ ఇంట్లో లేనప్పుడు రెండు కాళ్లతో నడిచేవాడు.

పదమూడో రోజున పక్కింటి గౌరాలు వచ్చింది. గౌరాలంటే సింగారమ్మకు వదిన వరస. మాటలో బెల్లం ఉంటుంది, బెల్లంలో మిరపగింజ ఉంటుంది.

"ఏది వదినా, నీ నేల చూసి కళ్లు కడుక్కుందామని వచ్చాను," అంది.

"ఇదే," అంది సింగారమ్మ.

"ఇది చీర కదా."

"నేల దాని కింద ఉంది."

గౌరాలు చీర అంచు ఎత్తింది. "ఇది కూడా చీరే."

"ఇంకా కింద."

"ఇది చాప."

"ఇంకా కింద వదినా."

"అబ్బో," అంది గౌరాలు, చేతులు దులుపుకుంటూ. "చాలా లోతుగా దాచుకున్నావు. నీళ్లు పడేలా ఉన్నాయి."

సింగారమ్మ మొహం ఎర్రమట్టిలా అయింది. ఆ వెంటనే చీరలు, చాప, గోనె అన్నీ లాగి పారేసింది. "వచ్చే శుక్రవారం అమ్మవారికి దీపం పెడుతున్నాను. ఊళ్లో ఆడవాళ్లందరినీ పిలుస్తాను. మీరంతా నా నేల చూద్దురుగాని," అంది. తర్వాత బుట్ట వైపు తిరిగి, వేలు చూపించి చెప్పింది. "చుక్కా, విను. ఆ రోజు నా నేల మీద నీ మరక ఒక్కటి కనబడిందో, నువ్వూ నీ బుట్టా దడి అవతల."

చుక్క రెక్కల కింద గుడ్లను దగ్గరకు లాక్కుంది. లెక్క వేసుకుంది. శుక్రవారానికి తను పొదగడం మొదలుపెట్టి ఇరవై రోజులు. పిల్లలు గుడ్డు పగలగొట్టుకుని వచ్చేది శనివారం. ఒక్క రోజు. ఒక్క రోజు తక్కువ.

దడి అవతల ఎవరున్నారో తెలుసా? నక్క. అది ఈ మాట విని దడి సందులోంచి మూతి పెట్టింది.

"చుక్కమ్మగారూ, ఇల్లు మారుతున్నారట," అంది ఎంతో మర్యాదగా. "మా వైపు రండి. నేలకు అలుకూ లేదు, ముగ్గూ లేదు. ఎక్కడ పడితే అక్కడ వేసుకోవచ్చు. పిల్లలను నేను చూసుకుంటాను."

"నువ్వు చూసుకోవడమంటే ఏమిటో మా అమ్మమ్మకు తెలుసు," అంది చుక్క.

"ఆవిడ మంచి మనిషి," అంది నక్క. "నాకు బాగా గుర్తుంది." అని మూతి నాక్కుంది.

ఇంకేముంది, చుక్క బుట్ట దిగేది, గింజలు తినేది, బయటికి పరుగెత్తి పెరట్లో పని కానిచ్చి, గుడ్లు చల్లారకముందే పరుగెత్తుకొచ్చేది. ఎంత పరుగెత్తినా ఎప్పుడో ఒక బొట్టు దారిలో పడేది. సింగారమ్మ చీపురు ఎత్తేది. చివరికి బుధవారంనుంచి చుక్క గింజలు మానేసింది. తింటేనే కదా వచ్చేది. భగవంతుడా, ఒక తల్లి ఒక నేల కోసం ఆకలితో కూర్చుంది చూడండి.

గురువారం పొద్దున సింగారమ్మ చీరకొంగు బిగించి అలుకు మొదలుపెట్టింది. చుక్క బుట్టలోంచి మెడ చాపి చూసింది. చూసి, కళ్లు పెద్దవి చేసింది.

సింగారమ్మ పెరట్లోకి వెళ్లి ఆవు వెనకాల నిలబడింది. ఆవు పేడ వేసింది. సింగారమ్మ చీపురు ఎత్తలేదు, అరవలేదు. రెండు చేతులతో ఎత్తుకుని, పసిబిడ్డను తెచ్చినట్టు ఇంట్లోకి తెచ్చింది. నట్టింట్లో పోసింది. అరచేత్తో ఈ మూలనుంచి ఆ మూలదాకా పూసింది. నాలుగు అడుగులు వెనక్కి వేసి, తల పక్కకు వాల్చి చూసుకుని మురిసిపోయింది. ఆరాక పైన తెల్లగా ముగ్గు వేసి, దానికి దణ్ణం కూడా పెట్టింది.

చుక్క ఆశ్చర్యం పట్టలేకపోయింది. మధ్యాహ్నం నీళ్లకు దిగినప్పుడు ఆవు దగ్గరకు వెళ్లింది.

"అక్కా, ఒక మాట అడగనా? నీది ఇల్లంతా పూసుకుంటారు. నాది చుక్క పడితే ఇల్లు మునిగినట్టు అరుస్తారు. నువ్వు చేసేదేమిటి, నేను చేయనిదేమిటి?"

ఆవు నెమరు ఆపకుండా ఆలోచించింది. "నేనేమీ చేయనమ్మా. వేసి ముందుకు నడుస్తాను. వాళ్లే తీసుకుపోతారు."

"మరి తేడా ఎక్కడుంది?"

"నాది సాపుగా పూస్తారు. పైన తెల్లగా వేస్తారు. నీది ఎవరూ పూయలేదు, పైన తెలుపూ లేదు. అందుకే అనుకుంటా," అంది ఆవు. తనకు తెలిసింది నిజాయితీగానే చెప్పింది. నిజాయితీగా చెప్పిన తప్పు సలహాలతో మునిగిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి నాన్నా, పెద్దయ్యాక మీకే తెలుస్తుంది.

చుక్క గుండె బరువు దిగింది. "ఓస్, ఇంతేనా," అనుకుంది. కడుపునిండా గింజలు తింది. రెండు రోజుల తర్వాత తింటోంది కదా, బాగానే తింది. హాయిగా గుడ్ల మీద కూర్చుంది.

శుక్రవారం తెల్లవారింది. సింగారమ్మ ఏటికి స్నానానికి వెళ్లింది. పైడయ్య పూలకు వెళ్లాడు. చుక్క బుట్ట దిగింది. నట్టింట్లో, తామరపువ్వు నడుమ, మూడు రోజుల బాకీ తీర్చుకుంది. ఆ తర్వాత తన జన్మలో మొదటిసారి పని మొదలుపెట్టింది.

కుడికాలితో ఇలా పూసింది. ఎడమకాలితో అలా పూసింది. కోడికి అరచేయి లేదు, గోళ్లున్నాయి. పూసినకొద్దీ అలుకు పెచ్చులుగా లేచింది. "ఇంకా సాపు కాలేదు," అని ఇంకా గట్టిగా గీరింది. నాలుగు అడుగులు వెనక్కి వేసి, తల పక్కకు వాల్చి చూసుకుంది. బాగుందనిపించింది. కొబ్బరిచిప్పలో ముగ్గుపిండి కనబడితే ముక్కుతో బోర్లా దొర్లించి, దాని మీద కుమ్మరించింది. మళ్లీ వెనక్కి వెళ్లి చూసుకుంది. దణ్ణం పెట్టడానికి చేతులు లేక రెక్కలు ఓసారి దగ్గరకు తెచ్చి, తృప్తిగా బుట్టెక్కింది.

సరిగ్గా అప్పుడే సింగారమ్మ వచ్చింది. ఒక్కతే కాదు. పసుపు కుంకాలతో పన్నెండు మంది ఆడవాళ్లు, ముందు గౌరాలు.

తలుపు తెరుచుకుంది. గౌరాలు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "వదినా, ఈ ముగ్గు నేనెక్కడా చూడలేదు," అంది.

సింగారమ్మ నేరుగా వెళ్లి బుట్ట ఎత్తింది. చుక్క గుడ్ల మీద రెక్కలు పరిచి బుట్టతోపాటే లేచింది. సింగారమ్మ వాకిలి దాటింది. దడి అవతల నక్క ఎదురుసన్నాహంగా నిలబడింది, పెళ్లివారికి నిలబడినట్టు.

"అమ్మా," అంది చుక్క. "నీలాగే అలికాను కదమ్మా. ముగ్గు కూడా వేశాను. ఎక్కడ తప్పింది? చెప్పు, మళ్లీ అలుకుతాను. రేపటిదాకా ఉండనీ. ఒక్క రేపటిదాకా."

వాకిట్లో నిలబడిన ఆడవాళ్లలో కొందరు నవ్వారు. సింగారమ్మ నవ్వలేదు. ఆమె చేతుల్లో బుట్ట వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనంలోంచి, గుడ్డు పెంకు లోపలినుంచి, సన్నగా ఒక చప్పుడు వచ్చింది. కీచు. మళ్లీ ఇంకోటి. కీచు. బయటికి రాకముందే తల్లిని పిలుస్తున్నాయి.

సింగారమ్మ కాళ్లు ఆగిపోయాయి. అప్పుడు ఆ కాళ్ల కిందనుంచి ఒక గొంతు వినబడింది.

"సింగారమ్మా."

ఎవరనుకున్నారు? నేల. నేలంటే ఎవరు? సాక్షాత్తు భూదేవి. ఇన్నేళ్లుగా ఒక్క మాట మాట్లాడని తల్లి మాట్లాడింది.

"రోజూ నన్ను అలుకుతావు, రుద్దుతావు, దణ్ణం పెడతావు. నీకు పెళ్లయి పదేళ్లయింది. ఒక్కనాడన్నా నా మీద కూర్చున్నావా?"

సింగారమ్మ ఆలోచించింది. గుర్తు రాలేదు.

"నీ మొగుడు నా మీద కాళ్లు చాపుకుని అన్నం తిన్నాడా? నీ ఇంటికొచ్చినవాళ్లు నా మీద నడుం వాల్చారా? మెతుకులు పడని నేల, పిల్లలు దొర్లని నేల, దాన్ని నేలంటారా? అద్దమంటారు. నాకు ఆవుదీ ఒకటే, కోడిదీ ఒకటే. నా మీద పడనిది ఏముంది? రేపు నువ్వూ నా మీదే పడతావు. అప్పుడు నిన్నూ చీపురుతో తరమనా?"

నవ్వుతున్న ఆడవాళ్లు నవ్వు ఆపేశారు. గౌరాలు ముక్కు మీద కొంగు తీసేసింది.

సింగారమ్మ వెనక్కి తిరిగింది. బుట్టను తెచ్చి మళ్లీ అదే మూల పెట్టింది. ఇప్పుడు బాగా వినండి నాన్నా, ఆమె ఏం చేసిందో. చుక్కను తిట్టలేదు. అందరి ముందూ తనను తాను తిట్టుకోనూ లేదు. పొయ్యి దగ్గరకు వెళ్లి, చల్లారిన బూడిద రెండు దోసిళ్లు తెచ్చింది. నోరెత్తకుండా ఆ రెట్ట మీద చల్లింది. దంపుడు కొట్టులోంచి చాటెడు ఊక తెచ్చి బుట్ట చుట్టూ మందంగా పరిచింది. తడంతా బూడిద పీల్చేసింది, వాసన కూడా పోయింది. చీపురుతో నెమ్మదిగా ఎత్తి, పెరట్లో బీరపాదు మొదట్లో పోసింది. అంతా కలిపి మూడు నిమిషాల పని. పన్నెండు రోజుల చాకిరీ మూడు నిమిషాల్లో తీరింది.

తర్వాత బూడిద చేతులతోనే, పెచ్చులు లేచిన ఆ నేల మీద చతికిలబడి కూర్చుంది. "రండమ్మా, కూర్చోండి," అంది ఆడవాళ్లతో. అప్పుడే పూలు తెచ్చిన పైడయ్య గడపలో మూడు చెంబుల కోసం వెతుకుతుంటే, "ఒకటి చాల్లే, రా," అంది. పైడయ్య లోపలికి వచ్చి, కాళ్లు బారచాపి కూర్చుని, చాలాసేపు ఏమీ అడగలేదు. అడిగితే పోతుందేమోనని.

దీపం పెట్టారు. అమ్మవారి మొహం ఆ రోజు నవ్వుతున్నట్టుందని అందరూ అన్నారు.

శనివారం పొద్దున పదకొండు గుడ్లూ పగిలాయి. పదకొండు పిల్లలూ మెత్తటి ఊకలోకి దూకాయి. నక్క మధ్యాహ్నందాకా చూసి, ఆకలితో వెళ్లిపోయింది. మరుసటి వారానికల్లా ఊళ్లో ప్రతి ఇంట్లోనూ కోడి బుట్ట కింద బూడిద, ఊక వచ్చాయి. ఆ పై వారానికి ఎవరి బూడిద మెత్తన, ఎవరి ఊక బంగారు రంగు అని పోటీ కూడా మొదలైంది. గౌరాలైతే బూడిదను మూడుసార్లు జల్లించేది. మనుషులం కదా నాన్నా, ఒకటి వదిలితే ఇంకోటి పట్టుకుంటాం.

భూదేవి చుక్కను పిలిచి, "నన్ను అలికిన కోడివి నువ్వొక్కదానివే. ఏం కావాలో అడుగు," అంది.

చుక్క సిగ్గుపడింది. "అలకడం నా పిల్లలకు కూడా రావాలి తల్లీ. ఇంకోటి. ముగ్గుచిప్ప ప్రతిసారీ అందదు. నా ముగ్గు నా దగ్గరే ఉండేట్టు చూడు."

భూదేవి ఎంత నవ్విందంటే, ఆ ఊళ్లో కుండల్లో నీళ్లు తొణికాయి. "అలాగే," అంది.

పిల్లలు పెరిగాయి. పదకొండూ అలకడం మొదలుపెట్టాయి. తల్లితో కలిపి పన్నెండు మంది అలికేవాళ్లు ఒక ఇంట్లో ఎలా పడతారు చెప్పండి? నట్టింట్లో మోకాలి లోతు గుంట పడింది. అప్పుడు పైడయ్యే చూరు కింద, ఇంటి గోడకు ఆనించి గట్టి గూడు కట్టి, లోపల ఊక పరిచాడు. పగలంతా పెరడు వదిలేశాడు. ఇల్లంత నేల ఎక్కడ, పెరడంత నేల ఎక్కడ? చుక్క ఆనందంగా గూట్లోకి మారిపోయింది.

అప్పటినుంచే కోడి ఎక్కడ నిలబడితే అక్కడ కాళ్లతో నేల గీరుతుంది, నాలుగు అడుగులు వెనక్కి వేసి, తల పక్కకు వాల్చి తన అలుకు చూసుకుంటుంది. అప్పటినుంచే కోడిరెట్ట మీద తెల్లగా ముగ్గు ఉంటుంది.

ఈ కథలో నక్కను మరచిపోయినా ఫర్వాలేదు, పేర్లు మరచిపోయినా ఫర్వాలేదు. సింగారమ్మ నోరెత్తకుండా రెండు దోసిళ్ల బూడిద చల్లిందే, ఆ ఒక్క పనీ గుర్తుంచుకోండి. రేపో ఎల్లుండో మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు నేల పాడుచేస్తారు. పాకే తమ్ముడు కావచ్చు, చెయ్యి వణికే తాతయ్య కావచ్చు. ముందు బూడిద చల్లండి, ఎత్తండి, తుడవండి. అదంతా అయ్యాక కూడా తిట్టాలనిపిస్తే అప్పుడు తిట్టండి. అనిపించదు. నేను చేసి చూశాను.